మా యమ్మ మద్రాసులో అన్నం తిన్న రోజు

మొన్న నా మనవరాలిని కాలేజీలో చేర్చడానికి ప్రొద్దుటూరు నుంచి కారులో మద్రాసు పోయినాం. నా కొడుకు, కోడలు, మనవరాలు, నేను. ఇప్పుడు దాన్ని చెన్నై అంటారు, అనుకోనీ, మా ఇంట్లో అది మద్రాసే. హాస్టలు గేటు దాటీ దాటకముందే మావాళ్లు క్యాంటీన్లో కూచుని దోసెలు, పొంగలి తెప్పించుకున్నారు. నేను ముట్టలేదు. కాఫీ వద్దన్నా. నీళ్ల సీసా చేతికిస్తే పక్కన పెట్టినా. కోడలు నా షుగరు మాత్ర సంగతి ఎత్తింది. "ఏందిమా, ఈ వయసులో ఈ మొండితనం?" అని కొడుకు విసుక్కున్నాడు. "మీరు తినండ్రా, నాకింకా పనుండాది" అన్నా. ఏం పనో చెప్పలేదు, చెబితే నవ్వుతారు. నవ్వేవాళ్లకు చెప్పేదానికన్నా రాసి పెట్టడం మేలని ఇప్పుడు రాస్తాండా.

మాది పులివెందుల నుంచి లింగాల పోయే దోవలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. గొర్రెల ఇల్లు. మా ఇంటికి వాకిలి ఎక్కడుందో కండ్లు మూసుకున్నా తెలిసేది, వాసన అట్లుండేది మరి. తడిసిన గొంగడి, గొర్రె పెంటికలు, పాలు పొంగి పొయ్యిలో పడిన కమురు, వీటన్నిటి మీద మా జేజి నమిలే పొగాకు. జేజి అంటే మా నాయన తల్లి. వాకిట్లో నాపబండ మీద కూచుని పొద్దు పొడిచిన కాడ్నుంచి పొద్దు గూకేదాకా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. తిట్టు ఆగిందంటే జేజికి ఒంట్లో బాగలేదని లెక్క. మా యమ్మ పేరు లచ్చుమమ్మ. కోడి కూయకముందే లేచి దొడ్డి ఊడ్చి, గంపల కింద మూసిన గొర్రెపిల్లలను ఒకొక్కదాన్నే తీసి తల్లుల కింద విడిచేది. ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లో చేత్తో తడిమి చెప్పేది. ఆ పనంతా అయినాకనే సంగటి గెలకడం, ఊరిమిండి నూరడం. ఊరిమిండంటే చెనిక్కాయ పప్పులు, ఎండుమిరపకాయలు కలిపి రోట్లో నూరేది. దాని కారానికి మా కండ్లల్లో నీళ్లు కారుతుంటే మా యమ్మ కతలు మొదలుపెట్టేది. అన్నీ మద్రాసు కతలే.

మా యమ్మను కన్న తాత గొర్రెల యాపారం చేసేవాడు. లారీకి గొర్రెలెత్తుకుని మద్రాసు పోయేటప్పుడు కూతురిని గూడా ముందర కూచోబెట్టుకుని తీసుకపోయేవాడు. అప్పటికి మా యమ్మకు తొమ్మిదో పదో ఏండ్లు. ఆడ ఏం చూసిందంటే రోడ్డు నడిమధ్యన పట్టాల మీద పోయే బండి చూసింది, సముద్రం చూసింది, పూలు మూరలు కాకుండా గంపలు గంపలు పోసి అమ్మే వీధి చూసింది. ఎవరూ ఎవరి ఊరూ పార్టీ అడగకుండా పక్కపక్కన కూచుని కాఫీ తాగడం చూసింది. అంతే, ఆ ఊరు ఆమెను పట్టుకునింది. పెండ్లయి మా ఊరికొచ్చి, ఇద్దరు బిడ్డల తల్లి అయినా వదల్లేదు. కోడి గుడ్డు పెట్టకపోయినా "మద్రాసులో అయితే" అని ఎత్తుకునేది. "నీ మద్రాసును గుంతలో పెట్ట" అని జేజి తిట్టేది. మా నాయన ఓబులేసు మాత్రం నవ్వి, "ఆ ఊరికే ఇచ్చింటే పోయేది నిన్ను, నా పాలబడితివి" అనేవాడు.

మా నాయన మంచోడే. అయితే ఆ కాలంలో మంచోడైనా చెడ్డోడైనా ఏదో ఒక పార్టీలో ఉండాల్సిందే. మా ఊరు ఒక పార్టీ. రోడ్డు మీద మాకు ముందొచ్చే ఊరు ఇంకో పార్టీ. పులివెందులకు పోయే బస్సు ఆ ఊరి మీదుగానే పోవాల. అందుకని మా ఊరి మగోళ్లు బస్సెక్కేవాళ్లు కాదు. జీపులో గుంపుగా పోవాల, ల్యాకుంటే ఇంట్లో కూచోవాల. ఆడోళ్ల మీద చెయ్యెయ్యకూడదని రెండు పక్కలా కట్టుబాటు ఉండేది. అది అన్ని ఊర్లలో నిలబడిందని నేను చెప్పలేను, మా రెండు ఊర్ల నడుమ నిలబడింది. దాంతో ఏమాయెనంటే, మీసాలు మెలేసేవాళ్లంతా ఇండ్లల్లో, ఆడోళ్లంతా రోడ్ల మీద. ఇత్తనాలు తెచ్చేది ఆడోళ్లు, కోర్టుకు పోయి వకీలుతో మాట్లాడేది ఆడోళ్లు, జైల్లో ఉన్నవాళ్లకు సద్ది మోసేదీ వాళ్లే. పౌరుషం ఎవరిదో, బరువెవరిదో చూసుకోండి.

జేజి కాలికి పుండు లేచినప్పుడు గూడా జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకపోయింది మా యమ్మా నేనే. యమ్మ గొర్రెల కోసం తిరిగొచ్చింది, జేజి దగ్గర నేనుండిపోయినా. తెల్ల గుడ్డల్లో చప్పుడు కాకుండా నడిచే నర్సమ్మలను చూసి నాకు మతి పోయింది. మా జేజి తిట్లను గూడా నవ్వుతా వినేవాళ్లు. కట్లు కట్టేటప్పుడు నేను పక్కన నిలబడి అందిస్తాంటే, అందులో ఒకామె "పది పాసైతే చెప్పు, మద్రాసులో నర్సు ట్రైనింగుకు నేను రాస్తా" అనింది. పది పాసయినా. ఆమె రాసింది. సీటుంది, పంపమని కబురొచ్చింది. మా యమ్మ మొకం ఆ పొద్దు చూడాల! నాకు సీటొచ్చిందని సగం సంతోషం, వచ్చింది మద్రాసులో అని సగం. మా నాయన మాత్రం ఊ అనలేదు, ఊహూ అనలేదు. "కండ్లతో చూడకుండా ఆడపిల్లను ఎట్లా అంపేది? నేను పోయి చూడాల్నంటే దారి ల్యా" అన్నాడు. నిజంగానే లేదు. పక్కూరి మనిషి చెయ్యి నరికిన కేసులో మా నాయన పేరు గూడా రాసినారు. కోర్టు బెయిలిచ్చి ఊరు దాటకూడదనింది. ఆ చెయ్యి నరికింది మా నాయనేనా అంటే, ఆయన ఏ పొద్దూ మాతో ఆ మాట ఎత్తలేదు.

ఇట్లా నాన్చుతుండగానే ఒకనాటి సాయంత్రం మా పార్టీ పెద్దాయన ఇంటికొచ్చినాడు. ఆయన మాటకు ఊర్లో ఎదురు లేదు. నులకమంచం మీద కూచుని మజ్జిగ తాగి, తువ్వాలతో మీసాలు తుడుచుకుని విషయానికొచ్చినాడు. "ఓబులేసూ, మీ పాప పది పాసైందంట. లింగాల పక్క మనోళ్ల పిల్లోడున్నాడు. పోయినేడు గొడవల్లో వాళ్లన్నను పోగొట్టుకున్న్యారు పాపం. మన పార్టీ పిల్ల మన పార్టీలోనే ఉండాల. ఏమంటావు?"

మా నాయన తల గోక్కున్నాడు. "నీ మాట కాదనేదానికి..." అని నోరు తెరిచినాడో లేదో, వంటింటి గడప కాడ్నుంచి మా యమ్మ గొంతు వినబడింది.

"మామా, నీకు చెప్పేదానికి ఆలస్యమైంది. పాపను ఇచ్చేసినాం."

"ఎవురికిమే?"

"మద్రాసుకు."

మా నాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండాది. జేజి పొగాకు నమిలేది ఆపేసింది. పెద్దాయన మెల్లగా అడిగినాడు, "ఇల్లు చూసినారా?"

ఇక్కడ మా పక్క ఆచారం చెప్పాల. పిల్లనిచ్చే ముందర ఆ ఇల్లు చూసేదానికి పోతారు. వాకిలి, దొడ్డి, పశువులు, బావి, అందరి మొకాలు, అన్నీ చూస్తారు. మనసు ఒప్పుకునేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు గూడా ముట్టరు. ఎంత బతిమాలినా, ఎండకు నాలిక పిడచగట్టినా సరే. ఒప్పుకుంటే కాళ్లు చేతులు కడుక్కుని అన్నానికి కూచుంటారు. ఒక్క ముద్ద నోట్లో పడిందంటే పిల్లను ఇచ్చినట్టే, బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట తిరగదు. అందుకే ఇల్లు చూసి వచ్చినవాళ్లను మా ఊర్లో ఇంకేం అడగరు, "తిన్న్యారా?" అని ఒక్కటే అడుగుతారు. అయితే పోయేది మగోళ్లు.

"చూడల్యా మామా. చూసేది ఉండాది" అనింది మా యమ్మ.

"ఎవురు పోతారు? ఓబులేసు ఊరు దాటితే బెయిలు పోతాది, బస్సెక్కితే తలకాయ పోతాది."

"నేను పోతా."

"ఒక్కదానివే?"

"గొర్రెలను తోలుకుని అడివిలోకి ఒక్కదాన్నే పోతాండా గదా. మద్రాసులో చిరుతపులులు ల్యావులే మామా."

పెద్దాయన నవ్వినాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉండాదో, మెచ్చుకోలు ఉండాదో నాకు ఇప్పటికీ తెలీదు. "సరే పో. ఆడ అన్నం తినొస్తే ఆడికే ఇచ్చినట్టు, నేను నోరెత్తను. తినకుండా వస్తే మటుకు ఈ సంబంధం ఖాయం. లచ్చుమమ్మ ఈ యవ్వారంలో అబద్ధమాడదని ఊరందరికీ తెలుసు" అని లేచి పోయినాడు.

ఆయన అట్లా పోయినాడో లేదో మా నాయన తిరుక్కున్నాడు. "నేనింకా ఒప్పుకోనేల్యా గదమే! అబద్ధమెందుకు ఆడితివి?" "అబద్ధం కాదప్పా, రేపటి నిజాన్ని ఈ పొద్దే చెప్పినా" అనింది యమ్మ. నాకు మాత్రం భయం పట్టుకునింది. ఎందుకంటే మా యమ్మ సంగతి నాకు తెలుసు. ఆ హాస్టలు బాగలేకపోతే ఆమె తినదు. తినకుండా తిన్నానని చెప్పదు. దొడ్లో పట్టుకుని, "అమ్మా, ఎట్లున్నా సరే తినేసి రామ్మా" అని ఏడ్చినా. నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "బాగలేని మందలోకి నా గొర్రెపిల్లనే తోలను. నిన్ను తోల్తానా?" అనింది. మద్రాసు మీద ఎంత ప్రేమున్నా ఆమె కండ్లు మూసుకుపోలేదు. అప్పుడు దానికే భయపడినా, ఇప్పుడు దానికే గర్వపడతాండా.

పక్కింటి కాసింబీ మొగుడు కువైట్‌లో ఉండేవాడు. ఆయన పంపిన కొత్త చెప్పులు కాసింబీ తొడగనుగూడా తొడగలేదు, అవి తెచ్చి ఇచ్చింది. "ఒట్టికాళ్లతో పోతే పాప పరువు తక్కువైతాదక్కా" అనింది. మా యమ్మ వాటిని చంకలో పెట్టుకుని రోడ్డు దాకా నడిచింది, అరిగిపోతాయని. జొన్నరొట్టెలు, ఊరిమిండి గుడ్డలో మూట. ఇంకో గుడ్డసంచి. ఆ రెండే. మద్రాసులో ఏం జరిగిందో తర్వాత మూడేండ్లు అదే హాస్టల్లో ఉండి వార్డెనమ్మ నోట విన్నా. దోవలో ఏం జరిగిందో మా యమ్మే చెప్పింది, ఇప్పటికీ చెబుతుంది.

బస్సు పక్కూరి కాడ ఆగింది. ఎక్కిన మనిషికి కుడిచెయ్యి మణికట్టు కాడికి లేదు. కేసు ఆ చేతిదే. ఆయప్ప మా యమ్మను గుర్తుపట్టినాడు. మా యమ్మ తల దించలేదు, సీటు లేక రాడ్డు పట్టుకుని నిలబడే ఉండాది. "ఓబులేసు పెండ్లానివి గదా. యాడికి పోతాండావు?" అన్నాడు. "మద్రాసుకు. పాపకు ఇల్లు చూసేదానికి" అనింది. ఆయప్ప ఆమెను ఎగాదిగా చూసినాడు. తర్వాత ముందర కూచున్న తన మనిషిని, "ల్యాయ్‌రా, ఆయమ్మ పిల్లకు ఇల్లు చూసేదానికి పోతాంది, కూచోనీ" అన్నాడు. దిగేటప్పుడు మళ్లీ తిరిగి, "మద్రాసులో ఉప్పునీళ్లంట. తాగే నీళ్లు యాడివో సూసుకో మే" అని చెప్పి పోయినాడు. ముద్దనూరులో రైలెక్కేదాకా మా యమ్మ ఏడుస్తూనే ఉండిందంట. భయానికి కాదు.

మద్రాసులో దిగి, దోవ అడుక్కుంటా హాస్టలు చేరేసరికి ఎండ ముదిరింది. వార్డెనమ్మ నెల్లూరామె. మనిషి నెమ్మది. మంచినీళ్లు ఇవ్వబోతే మా యమ్మ, "వేండా" అనింది. గొర్రెల సంతలో నేర్చుకున్న అరవం రెండు మూడు మాటలే, అందులో అదొకటి, వద్దు అని. కాఫీ తెప్పిస్తే, "వేండా". భోజనానికి రమ్మంటే, "వేండా". చివరికి వార్డెనమ్మకు కోపమొచ్చింది. "మీరు తెలుగువాళ్లే కదమ్మా, తెలుగులోనే చెప్పండి. మా చేతి నీళ్లు తాగకూడదా మీరు?" అని అడిగిందంట. మా యమ్మ నాలిక కరుచుకుని, "ఎంత మాట తల్లీ! నీ చేతి అన్నం తినాలనే ఇంత దూరం వచ్చినా. తింటే నా పాపను నీకిచ్చేసినట్టే. ఇంకా చూడాల గదా" అని ఆచారమంతా చెప్పింది. వార్డెనమ్మ కాసేపు ఆమెకేసి చూసి, తాళాల గుత్తి చేతిలో పెట్టి "చూడండి" అనిందంట. అట్లా మా ఊరి గొర్రెలకాపరి ఆడమనిషి మద్రాసు హాస్టలు తాళాలు పట్టుకుని గది గదీ తిరిగింది.

నీళ్ల తొట్టి మూత తీసి చూసింది. స్నానాల గదుల గడియలు వేసి, లాగి చూసింది. అన్నం గుండిగలో గరిట పెట్టి అడుగు మాడిందా అని చూసింది. పిల్లల తలలు చూసింది, నూనె ఉందా, పేలున్నాయా అని. అంతా అయినాక అడిగిందంట, "మీ దాంట్లో రోగమొచ్చిన పిల్ల ఉంటే చూపియ్ తల్లీ." వార్డెనమ్మ బిత్తరపోయింది. ఎవరైనా బాగా చదివే పిల్లను చూపమంటారు గానీ! మా యమ్మది మంద లెక్క. ముందర ఎగిరే పొట్టేలును చూస్తే కాపరి ఎట్లాంటోడో తెలీదు, ఎనకబడిన గొర్రెను చూస్తే తెలుస్తుంది. కొసగదిలో జ్వరంతో పడుకున్న ఒక మలయాళం పిల్ల ఉండాది. ఇంకో పిల్ల ఆమె తల తొడ మీద పెట్టుకుని గంజి తాపుతాంది. "చుట్టమా?" అని అడిగించింది మా యమ్మ. "కాదు, పక్కమంచం" అనిందంట ఆ పిల్ల. మా యమ్మ ఇంకేమీ అడగల్యా. కొళాయి కాడికి పోయి కాళ్లు, చేతులు, మొకం కడుక్కుని వచ్చి, కింద పీట వాల్చుకుని కూచుని, "తల్లీ, ఇంక పెట్టు. పానం పోతాంది" అనింది. వార్డెనమ్మ తన చేత్తోనే వడ్డించింది. ఆ కత చెప్పిన ప్రతిసారీ ఆమె, "మీ అమ్మలాగ నా అన్నాన్ని ఎవరూ తినలేదమ్మాయ్" అనేది.

రైలుకు పొద్దుండాది గదా, చేరువలోనే అన్నారని సముద్రానికి పోయింది. పట్టాల బండి కోసం దోవంతా వెదికిందంట, అది ఎప్పుడో ఎత్తేసినారని ఎవరో చెప్పినారు. కువైట్ చెప్పులు చేత పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నీళ్లల్లో నిలబడింది. ఏమనుకున్న్యావని నేను ఎన్నోసార్లు అడిగినా. "ఏమనుకుంటా? నేను రాకపోయినా అది ఆడనే ఉండాది గదా అనుకున్న్యా" అంటుంది.

తిరిగొచ్చిన పూట మా వాకిలి నిండా జనం. పెద్దాయన మంచం మీద. మా నాయన గుంజకు ఆనుకుని. జేజి బండ మీద. నేను తలుపు చాటున. మా యమ్మ వచ్చి, మొదట చెప్పులు దులిపి కాసింబీకి ఇచ్చింది. జేజి ఆగలేకపోయింది.

"తిన్న్యావామే?"

"తిన్న్యా అత్తా. రెండోసారి పెట్టించుకుని గూడా తిన్న్యా. సాంబారులో కారెం ల్యా, అదొక్కటే లోటు."

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అన్నం తిన్నాక ఇంక మాటల్యాముంది" అని దిగి పోయినాడు. ఆ మనిషి చేసిన పనులు శానా ఉండాయి, అన్నీ నేను మెచ్చుకోను. ఆ పొద్దు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. జనం పోయినాక మా యమ్మ మా నాయనకు బస్సు సంగతి చెప్పింది. "మీ పార్టీ నాకు పరీక్ష పెట్టింది. ఆ చెయ్యి ల్యాని ఆయప్ప నాకు సీటిప్పిచ్చినాడు" అనింది. మా నాయన గొర్రెల దొడ్లోకి పోయి శానాసేపు ఆడనే ఉండాడు. కేసు ముగిసినాక పార్టీ జీపు మళ్లీ ఎక్కలేదు.

లింగాల పక్క పిల్లోడికి ఇంకో పిల్లనిచ్చినారు. పెండ్లయిన మూడో ఏడే ఆ పిల్ల బొట్టు తీసేసింది. ఆ పిల్ల నేను కావలసింది. నేను జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో తెల్ల గుడ్డలు కట్టి, రెండు పార్టీల గాయాలకూ ఒకే దూదితో మందు రాసి రిటైరైనా. ఇప్పుడు ఆ రెండు ఊర్లోళ్లు ఒకే పార్టీలో ఉండారు, ఒకే ఫ్లెక్సీ మీద పక్కపక్కన నవ్వుతాంటారు. తెగిన చెయ్యి మాత్రం మొలవలేదు.

మొన్నటి పనికి వస్తా. మావాళ్లు దోసెలు తింటుంటే నేను మూడంతస్తులూ తిరిగినా. తలుపులకు కార్డులు, మూల మూలకూ కెమెరాలు. చివరికి, "జ్వరమొచ్చిన పిల్లను చూపిస్తారా?" అని అడిగినా. అక్కడి మేడం నన్ను అదోలా చూసింది గానీ తీసుకపోయింది. ఎక్కడో అస్సాం పిల్లంట, దుప్పటి కప్పుకుని పడుకుంది. పక్కన ఇంకో పిల్ల ఫోను బోర్లాపెట్టి, తడిగుడ్డతో నుదురు తుడుస్తాంది. "రూమ్మేటా?" అన్నా. "కాదు ఆంటీ, ఎదుటి గది" అనింది. నేను కిందికి దిగి, చేతులు కడుక్కుని, మెస్సులో కూచుని పెరుగన్నం పెట్టించుకున్నా.

రెండో ముద్ద నోట్లో ఉండగానే ప్రొద్దుటూరు నుంచి ఫోను. మా యమ్మకు ఎనబై దాటినాయి, చెవులు సరిగ్గా వినబడవు, అయినా అడగాల్సింది అడుగుతుంది.

"తిన్న్యావా పాపా?"

"తింటాండామ్మా."

"రెండోసారి పెట్టించుకో. సముద్రం ఉండాదా?"

"ఉండాదిమా, ఆడనే ఉండాది."

నేను ముక్కు ఎగబీల్చింది ఆ చెవులకు ఎట్లా వినబడిందో!

"ఏడవాక. అన్నం తిన్న్యావు గదా, ఇచ్చినట్టే. పిల్లను వదిలిపెట్టి రా" అనింది.